సాయంత్రపు గాలి ఎవరిది

1

ఇరుగుపొరుగు కమిషన్‌కి చీటీలో నా పేరు వచ్చిందని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఊళ్ళో ఇంతమంది ఉండగా ఆ చీటీకి నేనే దొరకాలా. ఎవరికి అన్యాయం చేస్తానో, ఎవరి నోట పడతానో అని ఒకటే గుబులు.

ఏం చూశామో ఎప్పటికప్పుడు రాసి పెట్టాలట. రేపు చీటీ పడేవాళ్ళు చదువుకుంటారట. గోడకి చెబితే అందులోని యంత్రమే రాసుకుంటుందని కస్తూరి గారు అన్నారు, ఆవిడే మా కమిషన్‌కి పెద్ద. నాకు గోడ మీద నమ్మకం లేదు. అది నేను చెప్పిందే రాస్తుందో, దానికి తోచింది రాస్తుందో. అందుకని చేత్తోనే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే సర్దుకోండి.

మా ముందుకి వచ్చిన తగువు మా వీధిదే కావడం నా ఖర్మ. మాది ఎగువ వీధి, మెట్టోళ్ళం. మా కింద దిగువ వీధిలో రేవోళ్ళు. వాళ్ళ ఊళ్ళని సముద్రం తినేశాక మా ఊరంతటినీ మూసిన ఈ కప్పు కిందకి వచ్చారు, చేపల తొట్లు చూసుకుంటారు. రెండు వీధులకీ గాలి గొట్టం ఒకటే. పొద్దున్న పెద్ద పంకా మా వైపు నుంచి కొడుతుంది. కొత్త గాలి ముందు మా వంటిళ్ళలోకి వచ్చి, అక్కడి నుంచి వాళ్ళ ఇళ్ళలోకి దిగుతుంది. మధ్యాహ్నం పంకా తిరగబడుతుంది. అప్పుడు కొత్త గాలి వాళ్ళకి, వాళ్ళు పీల్చి వదిలింది మాకు. పొద్దున్న మా వాసన వాళ్ళకి, సాయంత్రం వాళ్ళ వాసన మాకు. ఇది ఎప్పుడో ఈ కమిషన్ పెట్టిన పద్ధతే.

ఇప్పుడు మా వీధి వాళ్ళు ఆ తిరగబడడం మాన్పించమంటున్నారు. ఎండుచేపల కంపు పడలేకపోతున్నారట. రోజంతా గాలి ఎగువ నుంచి దిగువకే పోవాలట. పంకా దగ్గర మీట ఒకటి నొక్కితే అయిపోతుందట.

ఒకరి నుంచి ఏదైనా తీసెయ్యమని అడిగినప్పుడు, చీటీ పడ్డ మనిషి ముందు వాళ్ళ ఇంట్లో మూడు నిద్రలు చెయ్యాలని కమిషన్ నియమం. కొత్త అల్లుడు అత్తారింట్లో చేసినట్టు. మిగతావాళ్ళలో ఒకాయనకి మంచం దిగే ఓపిక లేదు, ఇంకొకావిడ నెలలు నిండిన మనిషి. నేనే మిగిలాను.

నా కోడలు పైడితల్లి నా సంచి సర్దుతూ అంది, "ముక్కుకి కట్టుకోడానికి గుడ్డ పెట్టాను అత్తా. వాళ్ళ కంచాల్లో తినకు. మన కంచం పెట్టాను."

"వాళ్ళేటనుకుంటారో."

"ఏటనుకుంటే మనకేటి? నీ ఒంట్లో బాగోపోతే వాళ్ళు సూస్తారా?"

అదీ నిజమే అనిపించింది. కంచం తీసుకుని వెళ్తే వాళ్ళకి కోపం వస్తుందని భయం, తీసుకోకపోతే ఈవిడకి కోపం వస్తుందని భయం. సంచి అడుగున, చీరల కింద పెట్టుకున్నాను.

2

మొదటి నిద్ర.

మెట్లు దిగేసరికి గుమ్మంలో ఒక యాభై ఏళ్ళ మనిషి నిలబడి ఉంది. పేరు నూకరత్నం. నన్ను ఎన్నడూ చూసి ఎరగదు. చూడగానే అంది, "రా మామ్మా. మోకాలు ఎలగున్నాది?"

నా మోకాలు సంగతి ఈవిడకి ఎవరు చెప్పారు. కమిషన్ వాళ్ళు మన రోగాలు కూడా అందరికీ చెబుతారా. ఆ మాట మనసులో పడ్డాక మరి కుదురుగా కూర్చోలేకపోయాను.

ఆమె మొగుడు ఎల్లాజీ, గొట్టం ఇంట్లోకి తెరుచుకునే గాలికన్నం పక్కన ఎత్తు పీట మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద ఎముకల మనిషి, ఇప్పుడు ఎముకలే మిగిలాయి. ఈ ఊరి కప్పు వేసిన రోజుల్లో బయట దుమ్ములో గొట్టాలు బిగించాడట. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. పొద్దుటి పూట నాలుగు మాటలకి ఒకసారి ఆగుతాడు. గాలికన్నానికి ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది. మేం మాట్లాడుతుండగానే అది లోపలికి వంగి ఉన్నదల్లా నెమ్మదిగా బయటికి ఊగింది. పంకా తిరగబడిందన్నమాట. ఎల్లాజీ కళ్ళు మూసుకుని, దిగువ నుంచి వస్తున్న కొత్త గాలికి ముఖం తిప్పాడు. కాసేపటికి భుజాలు దిగాయి.

"ఇగ సీకటి పడీదాకా ఈయన రాజే," అంది నూకరత్నం. "అన్నం తింతాడు, తొంగుంతాడు. పొద్దున్నేటంటే పేణాలు బిగబట్టుకుని కూకుంతాడు."

ఆ తరవాత ఒక వింత చూశాను. గాలి మారగానే ఇంట్లో గొంతులు తగ్గిపోయాయి. నూకరత్నం గుసగుసగా మాట్లాడడం మొదలుపెట్టింది. పక్క ఇంట్లో పిల్లలు ఆడుకుంటూ నోరు తెరిచి నవ్వుతున్నారు, చప్పుడు లేదు. వీధి వీధంతా శవం లేచిన ఇల్లులా ఉంది. నేను ఏదో అడగబోతే నూకరత్నం వేలు పెదవి మీద పెట్టి, "మెల్లగా మామ్మా," అంది.

నా దగ్గరేదో దాస్తున్నారు అనుకున్నాను. ఏం దాస్తున్నారో. నా గురించేమో. అన్నం వాళ్ళ కంచంలోనే పెట్టారు, సంచిలోది తియ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. చేపల పులుసు. మేం తినం కనక పచ్చడితో తిన్నాను. కంచం చివర పులుసు తగిలింది కాబోలు, రాత్రంతా కడుపులో ఏదో అయిపోతుందని చూశాను. ఏమీ కాలేదు.

3

పొద్దున్న పైడితల్లి గొంతుకి మెలకువ వచ్చింది. ఇంటి దగ్గరే ఉన్నాననుకుని, పొయ్యి మీద ఎసరు పెట్టావా అని అడగబోయాను.

కళ్ళు తెరిచి చూస్తే నూకరత్నం ఇల్లు. గొంతు మాత్రం మా కోడలిదే. గాలికన్నంలోంచి, పక్క గదిలో నిలబడి మాట్లాడుతున్నట్టు వస్తోంది. మా పొరుగింటి సన్యాసమ్మ మా వంటింట్లోకి వచ్చినట్టుంది.

"మీ అత్త ఆ కంపులోంచి బతికొస్తాదంటావేటి?"

"గుడ్డ కట్టి పంపినాను పిన్నీ."

"గుడ్డకేటి ఆగుతాది. ఆళ్ళు పుట్టడమే ఆ కంపుతో పుడతారు. సాయంత్రమయితే సాలు, నా ఇల్లు రేవైపోతన్నాది. ఈవేళ తొట్లు కడిగీ రోజంట, ఇంకా సంబరం. అందరం కన్నాలకి తడి బొంతలు కప్పీదాం. గాలొద్దు, ఏటొద్దు."

"అలగే పిన్నీ. మాకు రెండు బొంతలున్నాయి."

నూకరత్నం ఎదురుగా కూర్చుని చేపలకి పొలుసు గీస్తోంది. చెయ్యి ఆగలేదు. వాన చప్పుడు వింటున్న మనిషిలా ఉంది. ఎల్లాజీ మాత్రం నావైపు చూసి ఒక్కొక్క మాటే ఏరుకుంటూ అన్నాడు, "బెంగల మామ్మ... ఈవేళ పైన లేదు గదా. కచేరీ... సప్పగున్నాది."

బెంగల మామ్మ ఎవరో నాకు వెంటనే అర్థమైంది. మోకాలి సంగతీ అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి వినిపిస్తున్నాది?" అని అడిగాను.

"వొచ్చిన కాడి నుంచీ," అంది నూకరత్నం.

"మరి మాకు సెప్పొద్దూ?"

"ఏటని సెప్తాం మామ్మా. మమ్మల్ని తిట్టుకుంతన్నది మాకు వినిపిస్తన్నాది, కాస్త మెల్లగా తిట్టుకోండీ అనా?"

సాయంత్రం గాలి పైకి వెళ్తుంది కాబట్టి వాళ్ళ మాటలు మాకు వినబడకుండా వాళ్ళు గొంతు తగ్గిస్తారట. వినబడితే, గొట్టంలో మాట పోతుందని మాకు తెలిసిపోతుంది. తెలిస్తే ఏం చేస్తామో అని భయం. పిల్లలకి నడక నేర్పినట్టే గుసగుస నేర్పుతారట. "మాటంటే అణుసుకుంటాం. వాసన్ని గుసగుసలాడించలేం గదా," అంది.

నేను ఏమన్నానో అడగాలి. అడగకుండా ఉండలేను. "నేనేటైనా... మిమ్మల్ని..."

నూకరత్నం నవ్వింది. "నీకు తీరికేదీ? మోకాలు, మనవరాలి జుట్టు రాలిపోడం, కప్పు బీటలిచ్చిందేమో అని, పంకా ఆగిపోతాదేమో అని. మేం పొద్దున్నే లేసి, ఈవేళ ముసల్ది దేనికి బెంగెట్టుకున్నాదో సూద్దామని పనులు మానుకుని కూకుంతాం."

ఎల్లాజీ నవ్వలేదు. గోడకేసి చూశాడు. అంటే ఏదో అన్నాను. ఏమన్నానో చెప్పలేదు, మళ్ళీ అడగడానికి నాకు నోరు రాలేదు.

గాలిలో ఇంగువ పోపు కాలిన వాసన, నేల కడిగిన మందు వాసన, పుట్టగొడుగుల ముక్కవాసన కలిసి వస్తున్నాయి. అది మా ఇంటి వాసన. ఇన్నేళ్ళలో నాకు మొదటిసారి తెలిసింది. చెప్పుకోకూడదు గానీ, బాగాలేదు.

4

మధ్యాహ్నం కస్తూరి గారు చూడ్డానికి వచ్చారు. "ఎలా ఉందండీ గవరమ్మ గారూ, ఏమైనా తెలిసిందా?" అని నెమ్మదిగా అడిగారు. నూకరత్నం నా ముఖంలోకి చూస్తోంది. చెబితే వీళ్ళ గుట్టు బయటపెట్టినట్టు. చెప్పకపోతే కమిషన్‌ని మోసం చేసినట్టు. "గాలి బాగానే ఆడుతోందమ్మా," అన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక, ఆ మాటకి నన్నెవరు నిలదీస్తారో అని లెక్కలేనన్ని సార్లు తలుచుకున్నాను.

బొంతల మాట గుర్తుచేశాను నూకరత్నానికి. "ఊరికే అంటారు మామ్మా. పెతీసారీ అంటారు. ఒకరిద్దరు కప్పుకుంతారు, మిగిలినోళ్ళకి బద్ధకం," అంది.

నాకు మా వీధి సంగతి తెలుసు. సన్యాసమ్మ ఒకసారి అనుకుందంటే ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది.

పంకా తిరగబడింది. ఎర్ర పీలిక బయటికి ఊగింది. ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు. వీధంతా గొంతు తగ్గించింది. తొట్లు కడిగిన నీళ్ళ వాసన, నిజమే, గట్టిగానే ఉంది. నాకూ కళ్ళు మండాయి. అన్నం ఉడికే లోపల పీలిక ఊగడం తగ్గింది. తరవాత నిలువుగా వేలాడి ఉండిపోయింది.

పైన గొట్టం నోరు మూస్తే కింద గాలి కదలదు. ఒక ఇల్లు మూస్తే పక్క ఇంటి గుండా పోతుంది. వీధంతా మూసేస్తే వచ్చే గాలికి పోయే దారి లేదు. అంత చిన్న సంగతి మా వాళ్ళకి తట్టలేదో, తట్టినా ఊరుకున్నారో.

ఎల్లాజీ పీట మీంచి ముందుకి ఒరిగాడు. మెడ నరాలు పైకి లేచాయి. నూకరత్నం విసనకర్రతో విసురుతోంది, నిలిచిపోయిన ఆ గాలినే ఇటు నుంచి అటు తోస్తోంది. పక్కింటివాళ్ళు వచ్చారు. ఒకడు పంకా ఇంటికి పరిగెత్తాడు, అది ఊరికి అవతల. అప్పుడు కూడా అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు. "నీళ్ళు తే." "ఈపు రుద్దు." "దేవుడా." ఆ మనిషి పెదవులు నల్లబడుతుంటే గుసగుస.

నేను గాలికన్నం దగ్గరికి వెళ్ళాను. నూకరత్నం నా చీర పట్టుకుంది. "వొద్దు మామ్మా, తెలిసిపోతాది."

నాకు అన్నిటికీ భయమే. ఆ క్షణంలో ఈ భయం, ఆ భయం అని విడదీసుకునే తీరిక లేకపోయింది. కన్నంలో మూతి పెట్టి, నాకున్నంత గొంతుతో అరిచాను.

"ఒలె పైడీ. బొంత తీయే. బేగి తీయే. ఇక్కడ మనిషి పోతన్నాడు. సన్యాసమ్మా, నీది కూడా తీ. అందరూ తియ్యండి."

వీధిలో ఒక్కరూ కదల్లేదు. బొంతల అవతలకి నా గొంతు దాటిందో లేదో. మళ్ళీ అరిచాను. మూడోసారికి గొంతు పోయింది.

అప్పుడు పై నుంచి, బొంత మడతల్లోంచి, పైడి గొంతు. "అత్తా? ఎక్కడున్నావు?"

పీలిక ముందు వణికింది. తరవాత ఊగింది.

5

రెండో నిద్ర, మూడో నిద్ర కూడా అయ్యాయి. నిద్ర అని రాస్తున్నాను గానీ కళ్ళు మూసింది లేదు. ఎల్లాజీ బతికాడు. డాక్టరు వచ్చి చూసి, పూటకి కాస్త కొత్త గాలి లేకపోతే ఈయన నిలవడు అని చెప్పి వెళ్ళింది.

ముందురోజులాగే ఆ పొద్దున్న కూడా గాలి దిగింది. ఇంగువ వాసన వచ్చింది. మాట ఒక్కటీ రాలేదు. గిన్నె చప్పుడు కూడా లేదు. మా వీధి వాళ్ళంతా కాలి మునివేళ్ళ మీద నడుస్తున్నారని ఆ నిశ్శబ్దమే చెబుతోంది. ఎల్లాజీ కన్నంకేసి చూస్తూ కూర్చున్నాడు, రోజూ వచ్చే చుట్టం రానట్టు.

కాసేపటికి మాట కాదు, మనిషే వచ్చింది. పైడితల్లి. జుట్టు కూడా దువ్వుకోలేదు. నన్ను చూడలేదు, సరాసరి నూకరత్నం ముందు నిలబడింది.

"ఇన్నాళ్ళూ సాటుగా వింటన్నారా?"

"సాటుగా ఏటి తల్లీ. మీరే ఇంట్లోకి పంపుతన్నారు."

"వినపడతాందని తెలిసినప్పుడు మూసుకోవాలి గదా కన్నం."

నూకరత్నం చేతులు తుడుచుకుంది. "మూస్తే వినపడదు, నిజమే. గాలీ రాదు. మీ మాటొద్దనుకుంతే మేం ఊపిరొద్దనుకోవాల."

పైడి ఏం గుర్తు తెచ్చుకుంటోందో నాకు తెలుసు. మొగుడితో పడ్డ గొడవలు, సన్యాసమ్మతో చెప్పుకున్నవి, కడుపు నిలవనప్పుడు వంటింట్లో ఒంటరిగా ఏడ్చినవి.

"అన్నీ విన్నారా?" అంది.

"కొన్నిటికి గిన్నెలు గట్టిగా తోమీవాళ్ళం," అంది నూకరత్నం. "వినపడకుండా."

పైడి ఎల్లాజీ వైపు చూసింది. ఆయన దండం పెట్టబోతే ఆయాసం వచ్చింది. "పద అత్తా, కమిషన్‌కి వేళయినాది," అని నా సంచి తీసుకుంది. సంచి అడుగున కంచం బరువు తెలిసిందేమో, ఒకసారి నావైపు చూసింది.

6

కమిషన్ గదిలో మా వీధి అంతా ఉంది. ఎల్లాజీ చావుబతుకుల్లోకి వెళ్ళిన సంగతి వాళ్ళని మెత్తబరుస్తుందని నేను ఆశపడ్డాను. తప్పు. బొంతల మాట ఎత్తేవాళ్ళే లేరు. అందరి నోటా ఒకటే మాట, దొంగచెవులు.

సన్యాసమ్మ లేచింది. "ముందు కంపు ఒకటే అనుకున్నాం. ఇప్పుడు మా సంసారాల్లో కూడా దూరారు. ఈవేళే మీట నొక్కీండి. సాయంత్రం గాలి వొద్దంటే వొద్దు."

రేవోళ్ళ తరపున నూకరత్నం వచ్చింది. మాట్లాడమంటే, "మాయన సంగతి డాక్టరమ్మ సెప్పీసినాది. నానేటి సెప్తాను," అని కూర్చుంది.

మాట గొట్టంలో ఆగేలా ఏదైనా పెట్టవచ్చా అని కస్తూరి గారు పంకా ఇంటి మనిషిని అడిగారు. మాటని ఆపేది పెడితే గాలీ ఆగుతుందన్నాడు అతను. తరవాత కస్తూరి గారు చాలాసేపు మాట్లాడారు. ఒకరినొకరు అర్థం చేసుకోవడం గురించి, ఈ కప్పు కింద మనమంతా ఒకటే అన్నదాని గురించి. మంచి మాటలే. వెనక బెంచీలో ఎవరో ఆవలించారు.

పెద్ద కాబట్టి కస్తూరి గారు చెయ్యెత్తరు; మిగతా ఇద్దరిలో ఒకరు అటు, ఒకరు ఇటు, మంచం మీది ఆయన మాట చీటీలో వచ్చింది. నాదే మిగిలింది. నిద్రలు చేసిన మనిషి మాట చివర అడుగుతారట. ముందే చెప్పి ఉంటే నేను ఆ రోజుకి జ్వరం తెచ్చుకునేదాన్ని.

లేచి నిలబడ్డాను. చెబుదామనుకున్నది ఎల్లాజీ సంగతి. చెప్పాను కూడా, ఆ గాలి తీసేస్తే మనిషి బతకడని. సన్యాసమ్మ కింద చూసుకుంది గానీ తన మాట వెనక్కి తీసుకోలేదు. నాకేమో ఆ రాత్రి నుంచీ ఇంకో బెంగ తొలుస్తోంది. ఆ కంగారులో అదీ నోట్లోంచి వచ్చేసింది.

"నాకింకో భయమున్నాది. ఇప్పుడు పొద్దున్న పూటే మన గాలి ఆళ్ళకి పోతన్నాది. పొద్దున్న పూటే మన మాటలు ఆళ్ళకి వినపడతన్నాయి. సాయంత్రం గాలి తిప్పడం మానీస్తే రోజంతా మన గాలే ఆళ్ళకి పోతాది. మరి రోజంతా మన మాటలు ఆళ్ళకి వినపడవూ? మొగుళ్ళు ఇంటికొచ్చీదే సాయంత్రం. అప్పుడేటి సేస్తాం?"

నిజంగా భయపడే అడిగాను, ఎవరైనా జవాబు చెబుతారేమోనని. సన్యాసమ్మ పక్కనున్న ఆవిడతో ఏదో అంది. ఆవిడ ఇంకొకావిడతో అంది. అందరూ రేవోళ్ళలా గుసగుసలాడుతున్నారు.

కాసేపటికి సన్యాసమ్మ లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, "ఉండనీండి. ఉన్నది ఉన్నట్టు ఉండనీండి," అంది.

బయటికి వచ్చాక కస్తూరి గారు నా పక్కన నడిచారు. ఆవిడ ముఖంలో సంతోషం లేదు. "గాలి నిలిచింది, మంచిదే. కానీ గవరమ్మ గారూ, వాళ్ళు భయపడి వదులుకున్నారు. మనసు మారి కాదు కదా. మన కమిషన్ ఉన్నది అందుకు కదా."

"మనసుల సంగతి నాకు తెలీదమ్మా," అన్నాను. "ముందు గాలి ఆడనీండి."

ఆవిడ ఇంకా ఏదో ఆలోచిస్తూ వెళ్ళిపోయారు. తప్పు మాట అన్నానేమో.

7

ఇంటికి వచ్చాక ఇది రాస్తున్నాను. ఈవేళ పొద్దున్న మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పైడి పోపు వేసి, ఒకసారి కన్నంకేసి చూసి, ఇంగువ డబ్బా మూత గట్టిగా బిగించింది. వాళ్ళకి పడదని తగ్గించిందో, ఇంట్లో ఇంగువ అయిపోయిందో, అడగలేదు.

మధ్యాహ్నం పంకా తిరగబడింది. పులుసు వాసన వచ్చింది. సన్యాసమ్మ తడి బొంత చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "ఇప్పుడు మాటాడితే ఆళ్ళకి వినపడతాదేటి?" అని అడిగింది. ఇప్పుడు వినపడదు, గాలి ఇటు వస్తోంది కదా అన్నాను. అయినా నెమ్మదిగానే, "ఏటి కంపో," అని గొణుక్కుంది. బొంత మాత్రం కప్పకుండా, నీళ్ళు పిండి, ఆరేసి వెళ్ళిపోయింది. ఆవిడ మనసు మారిందని నేను రాయను. మారలేదనీ రాయను.

నా బాధ వేరే ఉంది. ఎల్లాజీ దగ్గు వినబడడం లేదు. దగ్గితే, పాపం దగ్గుతున్నాడే అని బెంగ. దగ్గకపోతే ఇంకా బెంగ. కన్నం పక్కన కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. ఇక్కడి నుంచి పిలిస్తే గాలికి ఎదురు, కిందకి పోతుందో లేదో. ఆవేళ వాళ్ళ ఇంట్లో నేను అరిచినట్టు వాళ్ళు అరవరు, అలవాటు లేదు. పోనీ మెట్లు దిగి చూసి వద్దామంటే, చీటీ పని అయిపోయాక మళ్ళీ వచ్చిందేమిటి ముసల్ది అనుకుంటారు.

"వెళ్ళి సూసిరా అత్తా, ఇలగ తిరగకు, నా కళ్ళు తిరుగుతున్నాయి," అంది పైడి.

చెప్పులు వెతుక్కుంటుంటే కన్నంలోంచి గొంతు వచ్చింది. గుసగుస కాదు, నిండు గొంతు. వీధి వీధంతా వినేంత.

"మామ్మోయ్. నువ్వు బెంగెట్టుకుంతావని సెప్తన్నాను. ఆయన అన్నం తింతన్నాడు. ఏం కూరో సెప్పమంటావేటి?"

పక్క ఇంట్లో సన్యాసమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. పైడి నా వైపు చూసింది. నాకు జవాబు గాలికి ఎదురు పోదని తెలుసు. అయినా కన్నంలో మూతి పెట్టి చెప్పాను.

"అక్కర్లేదమ్మా. తెలుస్తానే ఉన్నాది."